భూమి లేనోళ్ళకు ఎర్తూ లేదు!

కరెంటు కొట్టి మన వాడలో మనిషి చనిపోతే మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు పడతాయి. ‘విద్యుదాఘాతంతో మహిళ మృతి’. ఆ నాలుగు లైన్లలో ఒక ముక్క మాత్రం తప్పకుండా ఉంటుంది. ‘ప్రమాదవశాత్తు’ అనో, ‘అజాగ్రత్తగా తాకడంతో’ అనో. ఆ ఒక్క ముక్కతో కథ ముగిసిపోతుంది. పోలీసు కాగితం రాసుకుంటాడు, కరెంటాఫీసు చేతులు దులుపుకుంటుంది, ఇల్లు కట్టిన కాంట్రాక్టరు పేరు ఎక్కడా రాదు. చచ్చినోళ్ళదే తప్పు! శవం మాట్లాడదు గదా, కాబట్టి నేరం శవం మీద మోపటం సులువు.

ఎవరి అజాగ్రత్త అని మేము అడుగుతున్నాం.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2020లోనూ 2021లోనూ దేశం మొత్తం మీద కరెంటు తగిలి చనిపోయినవాళ్ళు ఏటా 12 వేలకు పైనే ఉన్నారు. ఆ పట్టికలో రాష్ట్రం రాస్తారు, ఆడా మగా రాస్తారు. కులం రాయరు. ఊళ్ళో చచ్చాడా వాడలో చచ్చాడా రాయరు. ఇంట్లో ఎర్తు ఉందా లేదా రాయరు. మన మీద జరిగే దాడులకు వేరే లెక్క ఉంది. అది కూడా కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ గోడలో ఉన్న తీగ చంపితే దానికి కులం లేదనుకుంటున్నారు. తీగకు కులం లేదు నిజమే. ఆ తీగ ఏ గోడలో ఎట్టా పెట్టాలో నిర్ణయించే చేతికి మాత్రం ఉంది.

ముందుగా దండెం సంగతి చూడండి. వానాకాలంలో వాడల్లో ఎక్కువగా వినపడే చావు ఇది. స్తంభం మీద నుంచి ఇంటికి సర్వీసు వైరు వస్తుంది. అది తెగి వేలాడకుండా పక్కనే ఒక జి.ఐ. తీగ, అంటే జస్తా పూసిన ఇనప తీగ, లాగి దానికి సర్వీసు వైరును చుట్టుకుంటూ తెస్తారు. ఆ ఇనప తీగ కొసను ఇంటి చూరు దగ్గర కమ్మీకో పైపుకో కడతారు. మనకు ఇల్లు రెండు గదులు, వాకిలి నాలుగు బారలు. బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి? అదే పైపుకు ఇంకో తీగ కట్టి దండెం వేసుకుంటాం. గాలికి సర్వీసు వైరు ఊగీ ఊగీ పైతొక్క అరిగిపోతుంది. లోపలి రాగో అల్యూమినియమో ఇనప తీగకు తగులుతుంది. ఎండాకాలం ఎవరికీ తెలియదు. మృగశిర చినుకు పడినాక, తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి తడిచీర దండెం మీద వేసిన అక్క అక్కడే అతుక్కుపోతుంది. పట్టుకుని లాగబోయిన కొడుకో భర్తో కూడా పోతాడు. ఒకే ఇంట్లో రెండు శవాలు.

ఇందులో ఆమె చేసిన అజాగ్రత్త ఏంది? చీర ఉతకటమా, ఆరేయటమా?

తప్పు ఎక్కడుందో మెట్టు మెట్టుగా చూడండి. ఇనప తీగ మధ్యలో పింగాణీ గుడ్డు లాంటి ఇన్సులేటరు వెయ్యాలి, వేస్తే పైన కరెంటు దిగినా ఇంటి దాకా రాదు. వెయ్యలేదు. ఏళ్ళు గడిచినా అరిగిన సర్వీసు వైరు మార్చలేదు. స్తంభం ఇంటికి దూరంగా పాతి, వైరును వాడ మీదుగా మూడు ఇళ్ళ చూర్లు తాకించి లాగారు, ఎందుకంటే స్తంభాలు ఊరు చివర ఆగిపోయాయి. దండెం తీగ బదులు నైలాను తాడు కట్టుకోవాలని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు. నాలుగు తప్పులున్నాయి. అందులో మూడు ఆమె చేతిలో లేనివి. నాలుగోది చెప్పే మనిషి లేక జరిగింది. కాగితం మీద మాత్రం ఒకే తప్పు ఎక్కింది. అది ఆమెది.

ఇక ఎర్తు సంగతి. ఎర్తు అంటే భూమి. మనకు సెంటు భూమి లేకుండా చేసిన దేశం, మన ఇంటి ప్లగ్గుకు కూడా భూమి లేకుండా చేసింది. ఇది మాటల గారడీ కాదు. మీ కాలనీ ఇంట్లో మూడు బొక్కల ప్లగ్గు ఉంటే దాని మూత విప్పించి చూడండి (మెయిను ఆపినాకే, తెలిసిన మనిషి చేతే). పైన పెద్ద బొక్క ఉంటుంది గదా, దాని వెనక ఆకుపచ్చ వైరు ఉండాలి. ఎన్ని ఇళ్ళల్లో ఉంది? చాలా ఇళ్ళల్లో ఆ బొక్క వెనక బూజు తప్ప ఏమీ ఉండదు. పైకి మూడు బొక్కలు, లోపల రెండే తీగలు. రాజ్యాంగంలో సమానత్వం ఉంది, హోటల్లో రెండు గ్లాసులున్నాయి అన్నట్టు!

ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. దీనికి చరిత్ర ఉంది. 1988-89లో కుటీర జ్యోతి పథకం వచ్చింది. పేదల గుడిసెకు ఒక్క బల్బు. ఒక్క పాయింటు కనెక్షను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్ళకు మనకు ఇచ్చిన వెలుగు అంత. ఒక్క బల్బుకు ఎర్తు ఎందుకులే అన్నారు, సరే. తరవాత ఆ గుడిసె పక్కా ఇల్లయింది. ఫ్యాను వచ్చింది, టీవీ వచ్చింది, ఇనప రేకు కూలరు వచ్చింది, బకెట్లో పెట్టే హీటరు కడ్డీ వచ్చింది. తీగలు మాత్రం ఆ ఒక్క బల్బు దగ్గర నుంచే పాకుకుంటూ పోయాయి. 2017లో సౌభాగ్య పథకం వచ్చింది, ముప్పై ఏళ్ళ తరవాత. అదీ మీటరు, ఒక పాయింటు వైరింగు, ఒక ఎల్‌ఈడీ బల్బు! బల్బు రకం మారింది, లెక్క మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఎస్సీ ఎస్టీ ఇళ్ళకు 200 యూనిట్లు ఉచితం అన్నారు. తెలంగాణలో 2024లో గృహజ్యోతి పేరుతో 200 యూనిట్లు అన్నారు. యూనిట్లు వద్దనే పిచ్చోళ్ళం కాదు మేము. కానీ యూనిట్లు ఓట్లకు కనపడతాయి. భూమిలో పాతిన ఎర్తు కడ్డీ కనపడదు. దాని మీద ఎవడి ఫొటో అంటించాలి?

పథకం ఇళ్ళల్లో వైరింగు చేసే తీరు చూస్తే కడుపు మండుతుంది. ఫేజుకు ఎరుపు గానీ పసుపు గానీ నీలం గానీ, న్యూట్రలుకు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. ఇది పని వచ్చిన వాడికి తెలిసిన నియమం. మన ఇంట్లో చూడండి, మూడూ ఒకే రంగు, లేకపోతే మూడు ముక్కలు మూడు రంగులు. ఏమంటే, టౌనులో మేడ పనిలో మిగిలిన ముక్కలు ఇక్కడికి తెచ్చి అతికిస్తాడు కాంట్రాక్టరు. ఆసామి ఇంట్లో మిగిలిన కూడు పాలేరు దోసిట్లో పోసినట్టే, మేడలో మిగిలిన వైరు వాడకు వస్తుంది. ముక్కలు అతికితే జాయింట్లు. జాయింటు పెట్టెలో ఉండాల్సింది గోడ పైపులో పోతుంది. టేపు కూడా దొరక్క ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టిన జాయింట్లు మేము చూశాం. బల్బుకు వేసే ఒక చదరపు మిల్లీమీటరు వైరే హీటరుకూ వేస్తారు. దానికి రెండున్నర కావాలి. సన్న వైరు వేడెక్కి, తొక్క కరిగి, గోడే కరెంటు గోడ అవుతుంది. అప్పుడు మనవాళ్ళు ‘గోడ జిల్లుమంటుంది, ముట్టుకోకండ్రా’ అని పిల్లలకు చెప్పుకుని అదే ఇంట్లో బతుకుతారు! ఊరి దారిలో ఎక్కడ నడవకూడదో పిల్లలకు చెప్పుకున్నట్టు, సొంత ఇంట్లో ఏ గోడ ముట్టుకోకూడదో చెప్పుకోవాలా?

ఇక్కడ ఒక చదువు చెప్పుకోవాలి. బడిపంతుళ్ళం కాబట్టి అలవాటు పోదు.

చాలామంది అనుకునేది ఏందంటే, ఫీజు ఉంది గదా, షాకు కొడితే ఫీజు పోతుంది, మనిషి బతుకుతాడు అని. ఇది తప్పు. ఈ తప్పు వల్ల పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. ఫీజు కాపాడేది వైరును. మనిషిని కాదు. అయిదు ఆంపియర్ల ఫీజు అయిదు ఆంపియర్లు దాటితే గాని కరగదు. మనిషి గుండె ఆగిపోవటానికి ఆంపియరులో పదో వంతు చాలు. అంటే ఫీజు ఓర్చుకునే దానిలో యాభయ్యో వంతు. పదో తరగతిలో ఓం సూత్రం చదివిన పిల్లలు లెక్క వేయండి. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే, 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు. ఫీజుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మనిషి పోతాడు, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఎం.సి.బి. అనే కొత్త స్విచ్చిలూ అంతే, అవీ వైరు కోసమే. పైగా మన ఇళ్ళల్లో ఫీజు తీగ బదులు ఏదో రాగి పోగు మెలిపెట్టి వేస్తారు, అది వైరును కూడా కాపాడదు.

మనిషిని కాపాడేది రెండు. ఒకటి సరైన ఎర్తు. కూలరు రేకుకు ఫేజు తగిలితే ఆ కరెంటు మన ఒంట్లో నుంచి కాకుండా ఆకుపచ్చ వైరులో నుంచి భూమిలోకి ఉరుకుతుంది, అప్పుడు పెద్ద కరెంటు కాబట్టి ఫీజు కూడా కరుగుతుంది. రెండోది ఆర్.సి.సి.బి. అనే పెట్టె. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు రెండిటినీ అది సరిచూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే, అంటే మధ్యలో ఎక్కడో మనిషి ఒంట్లో నుంచో తడిగోడలో నుంచో భూమికి కారుతుందంటే, రెప్పపాటులో మొత్తం కట్ చేస్తుంది. ఒక మామూలు సెల్‌ఫోను ఖరీదు కూడా ఉండదు. (ఫేజూ న్యూట్రలూ రెండూ చేత్తో పట్టుకుంటే ఇది కూడా కాపాడదు, అది గుర్తుంచుకోండి.)

మరి ఈ పెట్టె మన ఇళ్ళల్లో ఎందుకు లేదు? చట్టం చూడండి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో దీన్ని తరవాత చేర్చారు, 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనూ పెట్టారు. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ తప్పనిసరి అన్నారు. కానీ ఒక గీత గీశారు. అయిదు కిలోవాట్ల లోపు లోడు ఉన్న ఇళ్ళకు మినహాయింపు! అయిదు కిలోవాట్లు ఎవరి ఇంట్లో ఉంటుంది? ఏసీలు, గీజర్లు ఉన్న ఇంట్లో. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంటికి అక్కర్లేదట. ఆ నిబంధనలు పోయి 2023లో కొత్తవి వచ్చాయి, మధ్యలో సవరణలూ జరిగాయి. గీతను ఎంత కిందికి జరిపినా, మన ఇంటి లోడు దాని అడుగునే ఉంటుంది. ఎక్కువ కరెంటు వాడేవాడికి ఎక్కువ రక్షణ, తక్కువ వాడేవాడికి తక్కువ రక్షణ. ఆంపియరు మాత్రం ఎవడి గుండెనైనా ఒకే లెక్కన ఆపుతుంది. మనువు రాసిన చట్టంలో నేరానికి శిక్ష కులాన్ని బట్టి మారేది. ఈ చట్టంలో ప్రాణానికి కాపలా మీటరును బట్టి మారుతుంది.

ఇంకో రెండు తప్పుల గురించి చెప్పి ముందుకు పోతాం, ఎందుకంటే ఇవి మన కుర్రాళ్ళ చేతుల మీదుగా జరుగుతున్నాయి. స్విచ్చి న్యూట్రలులో వేయటం ఒకటి. స్విచ్చి ఆపితే బల్బు ఆరిపోతుంది, హోల్డరులో ఫేజు అట్టానే కూర్చుని ఉంటుంది. బల్బు మార్చబోయి స్టూలు మీద నుంచి పడినవాళ్ళను అడగండి. స్విచ్చి ఎప్పుడూ ఫేజులోనే వెయ్యాలి. రెండోది ఇంకా ప్రమాదం. ఎర్తు లేదు గదా అని ప్లగ్గులోనే ఎర్తు బొక్కనూ న్యూట్రలునూ చిన్న ముక్కతో కలిపేస్తారు. టెస్టరు పెడితే అంతా బాగానే కనపడుతుంది. ఏ రోజయితే ఆ న్యూట్రలు ఎక్కడో తెగుతుందో, లూజవుతుందో, ఆ రోజు ఫ్రిజ్జు తలుపు, కూలరు రేకు, మిక్సీ, అన్నీ ఫేజయి కూర్చుంటాయి. ఎర్తు లేకపోవటం కంటే దొంగ ఎర్తు ఘోరం.

ఇవి చేసిన కుర్రాడు దుర్మార్గుడా? కాదు. వాడు మన పిల్లాడే. పదో తరగతి తప్పాడు, లేకపోతే ఐ.టి.ఐ. సీటు వచ్చినా హాస్టలు లేక మానేశాడు. మేస్త్రి వెనక మోపెడ్ మీద కూర్చుని నిచ్చెన మోశాడు. గోడ కొట్టాడు, పైపులు పాతాడు. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పర్మిటు ఉన్న సూపర్‌వైజరు అజమాయిషీలోనే వైరింగు చెయ్యాలని చట్టం 1956 నుంచీ చెబుతూనే ఉంది. లైసెన్సు ఒకడిది, సంతకం ఒకడిది, గోడ మీద చెయ్యి మనవాడిది. బిల్లు వచ్చేటప్పుడు లైసెన్సు ముందుకొస్తుంది, షాకు వచ్చేటప్పుడు చెయ్యి ముందుకొస్తుంది.

వాడికి పని ఎట్టా నేర్పారు? ‘నాలుగు షాకులు తింటే గాని పని రాదురా అబ్బాయ్’ అన్నాడు మేస్త్రి. ఈ మాట మన వాడల్లో కూడా పెద్దలు నవ్వుతూ అంటుంటారు. ఈ మాటను కూకటివేళ్ళతో పెరకాలి. షాకు నేర్పేది భయాన్ని. ఏ వైరు ఎందుకు కొట్టిందో అది చెప్పదు. నాలుగో షాకు తిని బతికినోడు గొప్పలు చెప్పుకుంటాడు, మొదటి షాకుకే పోయినోడు చెప్పటానికి లేడు. బతికినోళ్ళ మాటలే మిగిలాయి కాబట్టి షాకు గురువయింది! ఇది ఏ గురువు పోలికో మనకు తెలుసు. ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన గురువు పోలిక. అప్పుడు నేర్చుకున్నందుకు వేలు ఇవ్వాల్సి వచ్చింది, ఇప్పుడు నేర్చుకోవటానికే ప్రాణం పెట్టమంటున్నారు.

ఇంకోటి చెప్పాలి. మేడలో పనికి పోయిన మన కుర్రాణ్ణి చెప్పులు గుమ్మం బయట విడిచి రమ్మంటారు. అందరూ విడుస్తారు గదా, ఇందులో ఏముంది అంటారు. ఉంది. కరెంటు పని చేసేవాడికి కాలికి ఉన్న రబ్బరు చెప్పు పనిముట్టు, స్క్రూడ్రైవరు పిడి లాంటిది. స్క్రూడ్రైవరు బయట పెట్టి రమ్మని ఎవరూ అనరు గదా? నాపరాళ్ళ మీద, తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద ఉత్త కాళ్ళతో నిలబడి బోర్డు విప్పుతాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిచ్చి ఊళ్ళోకి పోయేటప్పుడు అవి చేత పట్టుకుని నడిచిన తాతల మనవడు వాడు. ‘చెప్పులు లేకుండా కరెంటు ముట్టుకోను’ అని అనగలిగే ధైర్యం మన సంఘాలు వాడికి ఇవ్వాలి.

తప్పు నుంచి నేర్చుకోవటం మనకు కొత్త కాదు. లంద గుర్తుందా? పచ్చి తోలును సున్నపు నీళ్ళలో ఎన్ని రోజులు నానేయాలి, ఎప్పుడు తీసి వెంట్రుక గీకాలి, తంగేడు చెక్క ఎంత పొయ్యాలి, ఇవన్నీ ఎవడూ తాళపత్రాల్లో రాసి ఇవ్వలేదు. ఒకరోజు ఎక్కువ నానితే తోలు కుళ్ళింది. ఒకరోజు తక్కువయితే వెంట్రుక ఊడలేదు. చెడిన తోలును దాచలేదు, వాడ మధ్య పెట్టి పదిమంది వాసన చూసి, వేలితో నొక్కి, ఇక్కడ పోయిందిరా అని చెప్పుకున్నారు. మళ్ళీ లందలో అట్టా జరగలేదు. చెప్పు కాలికి కరిస్తే విప్పి మళ్ళీ కుట్టారు. పని చేసేవాడి చదువంటే అదే. తప్పు కళ్ళ ముందే ఉంటుంది, దిద్దుకోకపోతే అన్నం పుట్టదు. తప్పే ఉండదని చెప్పుకునేవి మంత్రాలు. వాన పడకపోతే మంత్రం తప్పు కాదు, యజమాని శ్రద్ధ తప్పు. సరిగ్గా ఇదే తర్కం ఇప్పుడు కరెంటాఫీసులో కూర్చుంది. వైరింగు తప్పు కాదు, చచ్చినోడి అజాగ్రత్త తప్పు!

బడుల్లోనూ ఇదే నడుస్తుంది. ఆసామి కొడుకు లెక్క తప్పు చేస్తే ‘తొందరపడ్డాడు, దిద్దుకుంటాడు’. మన పిల్ల అదే లెక్క తప్పు చేస్తే ‘వీళ్ళకు లెక్కలు ఎక్కడ వస్తాయి’. ఒకరి తప్పు ఒక మెట్టు, ఇంకొకరి తప్పు పుట్టుక. అందుకే మన పిల్లలు తప్పును దాచటం నేర్చుకుంటారు. ఆ పిల్లాడే పెద్దయి వైరింగు చేస్తాడు. ఫేజూ న్యూట్రలూ మారిపోయాయని అనుమానం వచ్చినా మేస్త్రిని అడగడు. అడిగితే ‘నీ మొహానికి ఇది కూడా రాదా’ అంటాడని. గోడ పూడ్చేస్తాడు. తప్పు గోడలో ఉండిపోతుంది, మూడేళ్ళకో అయిదేళ్ళకో బయటికి వస్తుంది.

ఇక మన నాయకుల సంగతి. కొంతమంది ఈ మాట ఎత్తితే ఎగతాళి చేస్తున్నారు. ‘రాజ్యాధికారం గురించి మాట్లాడాల్సిన చోట ప్లగ్గులు, వైర్లు ఏందయ్యా’ అంటున్నారు. వీళ్ళకు బాబాసాహెబ్ విగ్రహం చుట్టూ వేసే సీరియల్ లైట్లు తెలుసు గాని, బాబాసాహెబ్ కరెంటు గురించి ఏం చేశాడో తెలియదు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబరు మెంబరు. కరెంటు ఆ శాఖ కిందే ఉండేది. 1943 అక్టోబరులో యుద్ధం తరవాతి విద్యుత్ విధానం మీద వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షత వహించాడు. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు ఏర్పడింది ఆ పనిలోంచే. కరెంటు చవకగా, సమృద్ధిగా దొరకాలనీ, దేశం పరిశ్రమల దారి పట్టి పేదరికం నుంచి బయటపడాలంటే అదే పునాది అనీ వాదించాడు. రాజ్యాంగం రాయకముందే స్తంభాల గురించి ఆలోచించిన మనిషి పేరు చెప్పుకునేవాళ్ళకు ప్లగ్గు చిన్న విషయమయిందా? 1927లో మహద్‌లో నడిచింది చెరువు నీళ్ళ కోసం. నీళ్ళు చిన్న విషయమా? ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర లైటింగుకు లైను మీద కొక్కేలు వేయించి, చిన్న పిల్లలను స్తంభం ఎక్కించే నాయకులను అక్కడే నిలదీయండి. ఆ రోజు మన పిల్లాడు పోతే ఆయన జయంతికి మిగిలేదేంది?

వాడవాడలో చెయ్యాల్సింది మేము ఆలోచించింది ఇది. రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొనండి. దానికి ‘తప్పుల పుస్తకం’ అని పేరు పెట్టండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సంఘం ఆఫీసులోనో అంగన్‌వాడీలోనో చర్చి వరండాలోనో మేకుకు వేలాడదీయండి. వాడలో ఎవరికి షాకు కొట్టినా, గోడ జిల్లుమన్నా, బోర్డు మాడినా, టీవీలు ఒకేసారి కాలిపోయినా అందులో రాయాలి. తేదీ, ఇల్లు, ఏ వస్తువు ముట్టుకుంటే కొట్టింది, కాళ్ళకు చెప్పులున్నాయా, నేల తడిగా ఉందా, విప్పి చూస్తే ఏం కనపడింది, ఏం చేస్తే ఆగింది. ఆ వైరింగు చేసిన కుర్రాడి పేరు మాత్రం రాయొద్దు. పేరు రాస్తే రెండోసారి ఎవడూ నిజం చెప్పడు. తప్పు రాయాలి. చదువు రానివాళ్ళు చెబితే బడి పిల్లలు రాయాలి. నెలకోసారి వైరింగు పని చేసే కుర్రాళ్ళందరూ కూర్చుని చదవాలి. మొదటి నెలలో నవ్వుకుంటారు. మూడో నెలకు ఒకే తప్పు నాలుగు ఇళ్ళల్లో ఉందని కనపడుతుంది. నాలుగు ఇళ్ళల్లో ఒకే తప్పు ఉంటే అది అజాగ్రత్త కాదు, అది కాంట్రాక్టరు పని తీరు. టీవీలన్నీ ఒకేసారి కాలితే అది మన తప్పే కాదు. స్తంభం దగ్గర న్యూట్రలు తెగి 230 రావాల్సిన చోట 400 దాకా వచ్చి ఉంటుంది, అది శాఖ తప్పు. పుస్తకం ఉంటేనే ఇది చెప్పగలం. లేకపోతే ఎవడికి వాడు తన రాత అనుకుని రేడియో రిపేరు కొట్టుకు పోతాడు.

కర్మ, రాత, పీడదినం, ఇవేమీ ఆ పుస్తకంలో రాయనివ్వకండి. ఎర్తు లేదంటే ఎర్తు లేదని రాయండి.

చావు జరిగితే పుస్తకంతో ఆగిపోకూడదు. 2003 విద్యుత్ చట్టంలో 161వ సెక్షను ఉంది. కరెంటు వల్ల ప్రాణనష్టం జరిగితే ఆ సంగతి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజెయ్యాలి, విచారణ జరిపించవచ్చు. పోలీసు పంచనామాతో సరిపెట్టనివ్వకండి. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆ వైరును, ఆ దండెం తీగను కదిలించనివ్వకండి (కరెంటు ఆపించాకే). లైన్‌మన్ అదే రాత్రి వచ్చి కొత్త వైరు వేసి పాతది చుట్టుకుపోతాడు, అది సాక్ష్యం. నివేదిక నకలు అడగండి, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీటరు దాకా శాఖది, మీటరు ఇవతల ఇంటిది అని చేతులు కడుక్కుంటారు. సర్వీసు వైరు, జి.ఐ. తీగ మీటరుకు అవతలివే అని గట్టిగా చెప్పండి. 2002లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో తీర్పు చెప్పింది. వానలో రోడ్డు మీద తెగిపడిన తీగ మీదుగా సైకిలు మీద పోతూ ఒకతను చనిపోయాడు. ఎవడో దొంగతనంగా లాగుకున్న తీగ, మాకు సంబంధం లేదు అంది బోర్డు. కోర్టు ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైన సరుకు నడిపేవాడు, తన నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా నష్టపరిహారం ఇవ్వాల్సిందే అంది. ఈ తీర్పు కాగితం ప్రతి వాడలో ఉండాలి.

వానలు పడకముందే, రోహిణి ఎండల్లోనే, ఒకరోజు పెట్టుకుని ఇంటింటికీ తిరగండి. పర్మిటు ఉన్న వైర్‌మన్‌ను ఒకణ్ణి వెంట తీసుకుపోండి, మనవాళ్ళలో ఇప్పుడు ఐ.టి.ఐ. చదివినవాళ్ళు ఉన్నారు. దండెం తీగలు విప్పి నైలాను తాళ్ళు కట్టించండి, ఇది ఆ పూటే అయ్యే పని. ప్లగ్గుల్లో దొంగ ఎర్తు ముక్కలు తీయించండి. ఇల్లిల్లూ విడిగా ఎర్తు పెట్టించుకునే స్తోమత లేకపోతే, నాలుగు ఇళ్ళకు కలిపి ఒక గుంట తీసి జి.ఐ. పైపు దింపి బొగ్గూ ఉప్పూ వేసి నింపి, ప్రతి ఇంటికీ దాని నుంచి వైరు తెచ్చుకోవచ్చు, తెలిసినవాడి చేత చేయిస్తే. బావులు తవ్విన చేతులు మనవి, ఒక గుంట తవ్వటం కష్టమా? అక్కలు ఈ తిరుగుడులో ముందుండాలి. కూలరులో నీళ్ళు పోసేది, మోటారు స్విచ్చి వేసేది, తడిబట్ట ఆరేసేది వాళ్ళే. ఏ గోడ జిల్లుమంటుందో మగవాళ్ళ కంటే వాళ్ళకే ముందు తెలుసు.

గ్రామసభలో మాత్రం మర్యాదగా నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చి, ముద్ర వేయించుకుని నకలు తీసుకోండి. మా కాలనీకి వైరింగు చేసిన కాంట్రాక్టరు లైసెన్సు నంబరు ఎంత? అంచనా కాగితంలో ఎర్తుకు ఎంత డబ్బు రాశారు, ఎన్ని గుంటలు తీశారు? సర్వీసు వైర్లు చివరిసారి ఏ సంవత్సరంలో మార్చారు? లోడు ఎంత తక్కువైనా ప్రతి ఎస్సీ ఎస్టీ కాలనీ ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పథకం డబ్బుతోనే పెట్టాలని ఈ సభ తీర్మానం చేస్తుందా, చెయ్యదా?

సర్పంచి గారు ‘చూద్దాం’ అంటే ఆ మాట కూడా తేదీ వేసి తప్పుల పుస్తకంలో రాయండి. రాసిన పేజీల నకళ్ళు ఈ పత్రికకు పంపండి, ఇంటి పేర్లు తీసేసి అచ్చువేస్తాం.